పాతబస్తీ ఫొటోలో మనుషులెక్కడ?

పాతబస్తీ ఫొటో అనగానే మన కళ్ల ముందు ఏం కదులుతుంది? కింద నుంచి పైకి చూస్తూ తీసిన చార్మినార్. దాని చుట్టూ గిర్రున తిరిగే పావురాల గుంపు. లాడ్‌బజార్‌లో తళతళలాడే గాజుల గుట్టలు. ఆ గుట్టల ముందు నల్ల బుర్ఖాలో ముఖం లేని, పేరు లేని ఒక ఆకారం. రంజాన్ నెలయితే మక్కా మసీదు ముంగిట్లో వరసలు తీరిన తెల్ల టోపీలు, హలీం బట్టీ మీద ఆవిర్లు. గొడవల రోజులయితే దించిన షట్టర్లు, లాఠీలు, ఖాళీ రోడ్డు మీద చెల్లాచెదురుగా పడి వున్న చెప్పులు. క్యాలెండర్ల మీద ఇవే. ఆదివారం అనుబంధాల్లో ఇవే. టూరిజం పోస్టర్ల మీద ఇవే. ఇప్పుడు సెల్‌ఫోన్లలోనూ ఇవే. తీసినవాళ్ల పేర్లు మారుతుంటాయి. ఫొటో మాత్రం మారదు.

ఇందులో అబద్ధం ఏముంది అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, అబద్ధం లేదు. చార్మినార్ వుంది, గాజులున్నాయి, బుర్ఖాలున్నాయి, గొడవలూ జరిగాయి. కానీ 1591 నుంచి బతుకుతున్న ఒక ఊరిని నాలుగైదు బొమ్మలకి కుదించి, ఆ బొమ్మలే ఊరని నమ్మించడం అమాయకమైన పని కాదు. కట్టడాన్ని ప్రేమించి మనిషిని వదిలేసే చూపు ఒకటి. మనిషిని గుంపుగా తప్ప చూడలేని చూపు ఇంకొకటి. మొదటిది పాతబస్తీని మ్యూజియం చేస్తుంది. రెండోది పాతబస్తీని పోలీస్ స్టేషన్ చేస్తుంది. చిత్రమేమిటంటే చాలాసార్లు ఈ రెండు చూపులూ ఒకే కెమెరాలో వుంటాయి.

సెలవు రోజు పొద్దున్నే చార్మినార్ దగ్గరికి వెళ్తే మెడల్లో కెమెరాలు వేలాడేసుకున్న పిల్లలు గుంపులుగా కనిపిస్తారు. వాళ్లకి మన మీద ద్వేషం లేదు. చాలామంది ప్రేమతోనే వస్తారు. అయితే రాకముందే వాళ్లు పాతబస్తీని చూసేసి వుంటారు, ఇంకెవరో తీసిన ఫొటోల్లో. అందుకే నేరుగా ఫలానా ఫొటోగ్రాఫర్ నిలబడ్డ చోటే నిలబడతారు. అదే కమాను, అదే ఎత్తు, అదే వెలుగు. దీన్నే స్ఫూర్తి అంటున్నారు. తోటి ఫొటోగ్రాఫర్ దగ్గర నేర్చుకోవడం మంచిదే. కానీ అతను నిలబడ్డ చోటుని నేర్చుకోవడం వేరు, మనుషుల ముందు అతను ఎట్లా నిలబడ్డాడో నేర్చుకోవడం వేరు. నా గొడవంతా ఈ రెండో నేర్చుకోవడం గురించే.

హైదరాబాద్ ఫొటోలకి ఆదిపురుషుడిగా అందరూ చెప్పుకునేది రాజా దీన్‌దయాళ్‌ని. మీరట్ దగ్గర సర్ధానాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరయిన మనిషి. ముసవ్విర్ జంగ్ అని బిరుదు. 1905లో చనిపోయాడు. ఆయన గాజు పలకల మీద ఆనాటి హైదరాబాద్ అద్దంలా నిలిచింది. మహళ్లు, దర్బార్లు, పులివేటలు, వైస్రాయిల రాకపోకలు. పని గొప్పదే, కాదనలేం. కానీ ఆ కెమెరా ఎవరి జీతం మీద నడిచిందో దాని చూపు కూడా చాలామటుకు అటే నడిచింది. దివాణం ముందుభాగంలో వుంటుంది, పల్లకీ మోసేవాడు అంచున వుంటాడు. నవాబుకి పేరుంటుంది. పక్కన గొడుగు పట్టుకున్నవాడికి వుండదు.

అయినా దీన్‌దయాళ్ దగ్గర ఇవాళ్టి ఫొటోగ్రాఫర్లు నేర్చుకోవాల్సిన మాట ఒకటుంది. 1892లో ఆయన హైదరాబాద్‌లో జనానా స్టూడియో పెట్టాడు. పర్దాలో వుండే ఆడవాళ్లు బయటి మగవాళ్ల కంట పడకుండా ఫొటో దిగేందుకు ఎత్తయిన గోడలు కట్టించి, ఫొటోలు తీసే పని ఒక ఇంగ్లీషు స్త్రీకి అప్పగించాడు. అక్కడికి వెళ్లగలిగింది కలిగినింటి బేగంలే, గాజులమ్మే ఖాలాలు కాదు. ఆ సంగతి మర్చిపోవద్దు. అయినా ఆ గోడల వెనక ఒక మర్యాద వుంది. నా ముఖం ఎవరు చూడాలో నిర్ణయించుకునే హక్కు నాదే అని ఒక స్త్రీ అనుకుంటే, ఫొటోగ్రాఫర్ ఆ హక్కుకి తగ్గట్టు తన పద్ధతి మార్చుకున్నాడు. ఇవాళ లాడ్‌బజార్‌లో దూరం నుంచి పొడవాటి లెన్సుతో బుర్ఖాని ‘పట్టుకునే’ వాళ్లకి ఆ మాత్రం మర్యాద కూడా లేదు. అడిగితే ఫొటోలో సహజత్వం పోతుందట! అడగకుండా తీయడానికి దొరికిన అందమైన పేరు సహజత్వం.

ఇక్కడ మనవాళ్లని కూడా ఒక మాట అనాలి. పాతబస్తీని బయటివాళ్లు వక్రంగా చూపిస్తున్నారని బాధపడే ముస్లిం పెద్దమనుషులు తాము చూపించేదేమిటి? షేర్వానీలు, హుక్కాలు, ఇత్తర్ సీసాలు, పోయిన నవాబుల తెహ్‌జీబ్. ఆ తెహ్‌జీబ్ ఎవరి చాకిరీ మీద నిలబడిందో వాళ్ల ఆల్బముల్లోనూ కనపడదు. కట్టడాన్ని ప్రేమించే టూరిస్టుకీ, కోటని తలుచుకుని కన్నీళ్లు పెట్టుకునే నవాబు మనవడికీ పెద్ద తేడా లేదు. ఇద్దరి ఫ్రేములోనూ రిక్షావాడు, దూదేకులవాడు, ఇంటిదగ్గర కార్‌చోబ్ మీద వంగి జరీ పని చేసే ఆడమనిషి అడ్డంగానే వుంటారు.

గాజుల సంగతే చూడండి. లాడ్‌బజార్ గాజుల ఫొటోలు ఎన్ని వేలున్నాయో లెక్కలేదు. లక్కని బొగ్గుల మీద కరిగించి, చుట్టి, వేడి చల్లారకముందే ఒక్కో రాయీ అద్దే చేతుల ఫొటోలు ఎన్నున్నాయి? 2015 జనవరిలో భవానీనగర్ గాజుల కార్ఖానాల్లోంచి రెండు వందల మందికి పైగా పిల్లల్ని విడిపించారు. ఎక్కువమంది బీహారు నుంచి తెచ్చిన పిల్లలు. వాళ్లు కనిపించింది ఫొటోగ్రాఫర్లకి కాదు, సోదాకి వెళ్లిన పోలీసులకి. కొద్ది దూరంలో బతుకు ఎట్లా కాలిపోతోందో ఆ తళతళల ఫొటోలు ఒక్కటీ చెప్పలేదు. అందమైన ఫొటో మనకి చేసే నష్టం అది. అందం వుండకూడదని కాదు. అందం దగ్గరే ఆగిపోకూడదని.

మనలాగే బయటివాళ్ల బొమ్మల్లో చిక్కుకున్న పేట ఇంకొకటి వుంది. న్యూయార్క్‌లో నల్లవాళ్లు బతికే హార్లెం. అక్కడా అంతే, అయితే జాజ్ సంగీతం, లేకపోతే కత్తిపోట్లు. 1948లో గోర్డన్ పార్క్స్ అనే నల్లజాతి ఫొటోగ్రాఫర్ ‘లైఫ్’ పత్రిక కోసం హార్లెం ముఠా నాయకుడైన ఒక కుర్రాడితో వారాల తరబడి తిరిగి వందల ఫొటోలు తీశాడు. అందులో ఆ కుర్రాడు ఇంటిపని చేస్తున్నాడు, తమ్ముడితో ఆడుకుంటున్నాడు, కిటికీ దగ్గర దిగులుగా కూర్చున్నాడు. పత్రికలో అచ్చయినవి ఇరవై ఒకటి. వాటిలో సంపాదకులు ముందుకి తెచ్చింది భయాన్ని, కొట్లాటని. తీసినవాడు నల్లవాడే. ఏరినవాళ్లు, కత్తిరించినవాళ్లు వేరే. మనవాడి చేతికి కెమెరా ఇస్తే చాలదు, ఏరే బల్ల దగ్గర కూడా మనవాళ్లు వుండాలని ఆ ఇరవై ఒక్క ఫొటోలే చెబుతున్నాయి. 1990 డిసెంబరు అల్లర్ల రోజుల్లో, 2007 మే 18 మక్కా మసీదు పేలుడు తర్వాత, పాతబస్తీ నుంచి తీసిన ఫొటోల్లో ఏవి అచ్చయ్యాయో, ఏవి సొరుగుల్లో వుండిపోయాయో ఎవరు చెప్తారు? పేలుడు తర్వాత పట్టుకెళ్లిన మన కుర్రాళ్లు కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. అనుమానితులుగా వాళ్లు చాలామందికి గుర్తున్నారు. నిర్దోషులుగా ఎంతమందికి గుర్తున్నారు?

అదే హార్లెంలో 1919లో పుట్టినవాడు రాయ్ డికరావా. 1952లో అతనికి గుగెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది. నల్లజాతి ఫొటోగ్రాఫర్లలో దాన్ని అందుకున్న మొదటివాడతను. ఆ డబ్బుతో అతను దూరదేశాలకి వెళ్లలేదు. తన పేటలోనే ఏడాదిపాటు తిరిగాడు. వంటగదిలో తల్లి, మెట్ల మీద మగాళ్లు, సబ్‌వే నుంచి అలిసిపోయి ఎక్కివస్తున్న కూలీ, పిల్లల్ని ఎత్తుకున్న తండ్రి. కవి లాంగ్‌స్టన్ హ్యూస్ ఆ ఫొటోలకి ఒక ముసలమ్మ గొంతుతో కథ అల్లాడు. 1955లో ‘ది స్వీట్ ఫ్లైపేపర్ ఆఫ్ లైఫ్’ అనే చిన్న పుస్తకంగా వచ్చింది. అందులో హార్లెం సమస్య కాదు, తమాషా కాదు. ఇల్లు.

డికరావా దగ్గర ఇంకో పెద్ద పాఠం వుంది. అది నలుపు గురించి. అతని ఫొటోలు చాలా చీకటిగా వుంటాయి. మొదట చూసినప్పుడు ఏమీ కనపడదు. కాసేపు ఆగితే ఆ చీకట్లోంచి ఒక చెంప, ఒక చెయ్యి, ఒక కన్ను మెల్లగా పైకి తేలతాయి. నల్లటి ముఖాన్ని కనిపించేట్టు చేయడానికి అతను దాన్ని తెల్లబరచలేదు. నలుపులోనే ఎన్ని నలుపులున్నాయో చూపించాడు. చూసేవాడే తన కన్నుని అలవాటు చేసుకోవాలి తప్ప ఆ మనిషి నీ సౌకర్యం కోసం రంగు మార్చుకోడు.

ఇది మన బుర్ఖా ఫొటోకి అక్షరాలా వర్తిస్తుంది. కెమెరాలోని లైట్ మీటర్ ఏ దృశ్యాన్నయినా మధ్యరకం బూడిదరంగు అనుకుని లెక్క వేస్తుంది. మిట్టమధ్యాహ్నం తెల్ల సున్నం గోడ ఫ్రేము నిండా వుంటే, కెమెరా ఆ తెలుపుకి భయపడి వెలుగు తగ్గించేస్తుంది. గోడ అందంగా పడుతుంది. గోడ ముందున్న స్త్రీ నల్లటి ముద్ద అవుతుంది. అందరూ దాన్నే బుర్ఖా అనుకుంటారు. నిజానికి బుర్ఖా ముద్ద కాదు. ఉతికి ఉతికి వెలిసిన నలుపు ఒకటి, పెళ్లికని కొత్తగా కుట్టించుకున్న నలుపు ఒకటి, అంచున చమ్కీ పని, మోచేతి దగ్గర కుట్టుకున్న చిరుగు, కూరగాయల సంచీ మోస్తున్న వేళ్లు. ఇవన్నీ దక్కాలంటే వెలుగుని గోడ మీద కాదు, ఆ బట్ట మీద కొలవాలి. అందుకు దగ్గరికి వెళ్లాలి. దగ్గరికి వెళ్లాలంటే సలాం చెప్పాలి, మాట్లాడాలి, వద్దంటే వెనక్కి రావాలి. ఫొటోగ్రఫీలో దీన్ని సాంకేతిక విషయం అంటారు. నాకు మాత్రం ఇది మనుషుల మధ్య సంబంధం విషయం. దూరం నుంచి కొలిచినవాడికి ముద్దే దక్కుతుంది.

మరో సంగతి. డికరావా ఒంటరిగా గొప్పవాడయి వూరుకోలేదు. 1963లో న్యూయార్క్‌లో నల్లజాతి ఫొటోగ్రాఫర్లు కొందరు కలిసి ‘కమోయింగె’ అని ఒక బృందం పెట్టుకున్నారు. కెన్యాలోని కికుయు భాషలో ఆ మాటకి ‘కలిసి పనిచేసే మనుషులు’ అని అర్థం. దానికి మొదటి సారథి డికరావా. లూయీ డ్రేపర్, ఆంథొనీ బార్బోజా లాంటివాళ్లు సభ్యులు. తర్వాత చేరిన మింగ్ స్మిత్ అందులో మొదటి స్త్రీ. వాళ్లు ఆదివారాలు కూడేవాళ్లు. ఫొటోలు ముందు పెట్టుకుని, మొహమాటం లేకుండా ఒకరినొకరు విమర్శించుకునేవాళ్లు. స్ఫూర్తి అంటే అది. పొగడ్త కాదు, నకలు కాదు. నీ పేటనే తీస్తున్న ఇంకొకడు నీ ఫొటో చూసి, ఇందులో మనిషెక్కడ అని అడగడం.

1969లో న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం ‘హార్లెం ఆన్ మై మైండ్’ అని ఒక పెద్ద ప్రదర్శన పెట్టింది. హార్లెం చిత్రకారుల చిత్రాలు, శిల్పాలు అందులో లేవు. నల్ల కళాకారులు మ్యూజియం ముందు నిలబడి నిరసన తెలిపారు. డికరావా తన ఫొటోలు ఇవ్వలేదు. మా పేట మీకు ముచ్చటయితే, మా మాట కూడా మీకు అవసరం కావాలి అన్నది ఆ నిరసన సారం. అదే ప్రదర్శన వల్ల జేమ్స్ వాన్ డెర్ జీ అనే ముసలాయన లోకానికి తెలిశాడు. దశాబ్దాల తరబడి హార్లెంలో చిన్న స్టూడియో నడిపి, పెళ్లిళ్లకీ చావులకీ పేటవాళ్లని తీసినవాడు. ఆ ఫొటోల్లో మనుషులు తమకి నచ్చిన బట్టల్లో, తమకి నచ్చిన భంగిమలో వుంటారు. మనకీ అట్లాంటి నిధి వుంది. పాతబస్తీ ఫొటో స్టూడియోల్లో, ఇనప్పెట్టెల్లో, పెళ్లి ఆల్బముల్లో, గల్ఫ్‌కి పోయేముందు కుటుంబమంతా కలిసి దిగిన ఫొటోల్లో. తస్వీర్ హరామ్ అని వాదించే ఇళ్లలో కూడా పాస్‌పోర్టు కోసం, హజ్ కోసం దిగిన ఫొటోలుంటాయి. చరిత్ర రాసేవాళ్లెవరైనా వాటిని అడిగారా?

హార్లెం దాకా ఎందుకు? వరంగల్‌లో పుట్టి 2022లో కన్నుమూసిన గుడిమల్ల భరత్ భూషణ్ తెలంగాణ పల్లె ఆడవాళ్లని, ఇళ్ల తలుపుల్ని, బతుకమ్మని ఏళ్ల తరబడి తీశారు. ఆ తలుపు వెనక ఎవరుంటారో తెలిసినవాడు తీసిన తలుపు అది. ఇస్తాంబుల్‌లో ఆరా గ్యూలర్ వున్నాడు. ముస్లింలు ఎక్కువగా వున్న ఊళ్లో ఆర్మీనియన్ కుటుంబంలో పుట్టిన మైనారిటీ మనిషి. 2018లో చనిపోయేదాకా ఆ ఊరి జాలర్లని, రేవుకూలీలని, చాయ్‌ఖానాలని తీశాడు. నేను కళాకారుణ్ణి కాదు, పత్రికా ఫొటోగ్రాఫర్ని అనేవాడు. ఊరిని ప్రేమించడానికి ఊళ్లో మెజారిటీ కానవసరం లేదని అతని పని చెబుతుంది. లౌకికవాద మిత్రులు కూడా ఇది గమనించాలి. పాతబస్తీని ముస్లింలే తీయాలని మేం అనడం లేదు. పాతబస్తీ ముస్లింలది మాత్రమే కాదు కూడా. లాల్‌దర్వాజా బోనాలు పాతబస్తీవే. గుల్జార్ హౌజ్ చుట్టూ నగల వ్యాపారులు పాతబస్తీవాళ్లే. అంతెందుకు, జిల్లాల్లో పుట్టి తెలుగులో రాసే మాలాంటి ముస్లింలని పాతబస్తీ కొంచెం పరాయిగానే చూస్తుంది. మా ఉర్దూ విని నవ్వుతుంది. ఎక్కడ పుట్టావన్నది కాదు ప్రశ్న. ఫొటో తీశాక ఆ గల్లీకి మళ్లీ వెళ్లి ముఖం చూపించగలవా అన్నది ప్రశ్న.

ఇంత పట్టుదల ఎందుకు, ఫొటోలే కదా అనేవాళ్లకి రెండు విషయాలు గుర్తు చేస్తాను. 2012 నవంబరులో చార్మినార్ పాదం దగ్గరున్న గుడి విషయం మీద నగరం ఉద్రిక్తంగా వున్న రోజుల్లో ‘ది హిందూ’ పత్రిక ఒక పాత ఫొటో వేసింది. ఆ ఫొటోలో ఆ కట్టడం లేదు. ఫొటో అసలుదా, మార్చిందా అని పెద్ద రగడ జరిగింది. పత్రిక తన ఫొటో అసలైందేనని నిలబడింది. ఎప్పుడో ఎవరో మామూలుగా తీసిన ఒక ఫొటో దశాబ్దాల తర్వాత సాక్ష్యమయింది. ఎవరు తీశారు, ఏ రోజు తీశారు, ఎక్కడ నిలబడి తీశారు అని వెనక రాసిపెట్టుకోని ఫొటో రేపు సాక్ష్యం చెప్పాల్సి వచ్చినప్పుడు మూగదయిపోతుంది.

రెండోది ఇంకో కెమెరా గురించి. 2021 మేలో పాతబస్తీలో పోలీసులు తనని ఆపి మాస్కు తీయమన్నారని, తాను తీయకపోయినా ఫొటో తీసుకున్నారని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ చెప్పారు. ముఖాల్ని గుర్తుపట్టే యంత్రాల వాడకాన్ని సవాలు చేస్తూ ఆయన హైకోర్టుకెక్కారు. అంటే పాతబస్తీ మనిషి ఫొటో తీయడం ఆగలేదు. ఆగింది అతన్ని అడిగి తీయడం. ఒక కెమెరాకి అతను అందమైన నేపథ్యం. ఇంకో కెమెరాకి అతను జాబితాలో ఒక ముఖం. ఈ రెండింటి మధ్య అతన్ని పేరు పెట్టి పిలిచే మూడో కెమెరా లేకపోతే, రేపు చరిత్రలో మిగిలేది మొదటి రెండే.

ఆ మూడో కెమెరాకి పని చాలా వుంది. తోలు పొరల మధ్య వెండిని పెట్టి సుత్తితో కొట్టి వరఖ్ చేసేవాళ్ల భుజాలు. ఛత్తాబజార్‌లో పెళ్లి కార్డుల మీద ఉర్దూ అక్షరం రాసే కాతిబ్ వేళ్లు. 1594 నాటి బాద్షాహీ ఆషూర్‌ఖానా మీనా పలకల ముందు మొక్కుకునేవాళ్ల ముఖాలు. మొహర్రం పదో రోజు డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం కదిలేటప్పుడు డాబాల మీద నిలబడ్డ ఆడవాళ్లు. దుబాయ్ నుంచి వచ్చే ఫోన్ కోసం కూర్చున్న అమ్మీ. ఇంటర్ చదువుతూ తమ్ముళ్లకి లెక్కలు చెప్పే అమ్మాయి. ఇవన్నీ రోజూ కళ్ల ముందున్నవే.

ఇవాళ పాతబస్తీ పిల్లల చేతుల్లో, ఆడపిల్లల చేతుల్లో కూడా ఫోన్లున్నాయి. జనానాలోకి వెళ్లడానికి వాళ్లకి ఎత్తయిన గోడలు అక్కర్లేదు, వాళ్లు లోపలే వున్నారు. ఆదివారం ఒక గదిలో పదిమంది కూర్చోండి. తీసిన ఫొటోల్ని చాప మీద పరవండి. వెనకాల పేరు, తేదీ, గల్లీ రాయండి. ఫొటోలో వున్న మనిషికి ఒక కాపీ ఇచ్చారా అని అడగండి. ఈ ఫొటో రేపు పత్రికలో పడితే ఆ మనిషికి మేలా, కీడా అని అడగండి. చార్మినార్ ఎక్కడికీ పోదు. దాని నీడలో కూర్చున్నవాళ్లని ముందు తీయండి.